మొదలుపెట్టగానే పెరిగే ధర

ఆ స్టూడియోలో అందరూ ఆవిడని అక్కయ్య అనే పిలిచేవారు. నిజానికి అలా పిలిచే హక్కున్నవాడు ఒక్కడే, ఆవిడ తోడబుట్టిన తమ్ముడు. స్టూడియో ఇద్దరూ కలిసి పెట్టింది కాబట్టి వాడి నోట్లోంచి ఆ పిలుపు ఒక్కొక్కరికీ అంటుకుంది. రెండేళ్ళ కిందట తమ్ముడు పోట్లాడి వెళ్ళిపోయాడు. పిలుపు మాత్రం ఉండిపోయింది. అక్కడి కంప్యూటర్ల పనంతా చూసుకునే గుండు ఆవిడకన్నా పదేళ్ళు పెద్ద, ఆయనకీ ఆవిడ అక్కయ్యే. గుండు అన్న పేరు ఆయన తనకి తనే పెట్టుకున్నాడు. "వెనకాల ఎలాగూ అంటారు, మొహం మీదే అనేస్తే నాకూ వినపడుతుంది" అన్నాడు చేరిన రోజే.

వాళ్ళు టీవీకి పిల్లల బొమ్మల కథలు తీసేవారు. ఆ ఏడాది తీస్తున్నది గొడుగేసుకుని ఊరంతా తిరిగే ఒక కప్ప కథ. కప్పన్నాక వాన ఉండాలి కదా. వానంటే ఒక్కో చినుకూ ఎటు పడాలో, గొడుగు మీద ఎలా చిట్లాలో, దాంట్లో దీపం ఎలా మెరవాలో కంప్యూటరు లెక్కగట్టాలి. స్టూడియోలో ఉన్న మిషన్లన్నీ కలిపి ఏడాది తిరిగినా ఆ వాన వెలిసేది కాదు. అందుకని ఒక క్లౌడ్ కంపెనీ దగ్గర ఇంటర్నెట్ మీదుగా మిషన్లు అద్దెకి తీసుకునేవారు.

ఆ కంపెనీ దగ్గర వేల మిషన్లున్నాయి. పెద్ద పెద్ద ఖాతాదారులు వాటిని ఏడాదికింతని మాట్లాడుకుని పెట్టుకుంటారు. అయినా ఏ పూట చూసినా కొన్ని ఖాళీగానే ఉంటాయి. ఖాళీగా ఉన్నా కరెంటు తింటూనే ఉంటాయి. బస్సు కదలబోతుంటే కండక్టరు మిగిలిన సీట్ల కోసం రోడ్డు మీద కేకేసినట్టు, కంపెనీ వాటిని చవగ్గా వదిలేస్తుంది. కాకపోతే వేలం వేసి. "గంటకి ఇంతవరకూ ఇచ్చుకుంటాను" అని ఎవరి అంకె వాళ్ళు రాసిపెట్టాలి. ఒకరిది ఇంకొకరికి కనపడదు. పెద్ద అంకె రాసినవాళ్ళ దగ్గర్నుంచి మొదలెట్టి మిషన్లు పంచుతారు. ఆఖరి మిషను ఎవరికి దక్కిందో వాళ్ళ అంకే ఆ పూటకి అందరికీ ధర. ఇంకో షరతు కూడా ఉంది. మధ్యలో ఎవరైనా ఎక్కువిస్తామంటే, రెండే రెండు నిమిషాల ముందు చెప్పి చేతిలో మిషను లాగేసుకుంటారు. సగం పడిన వాన సగంలోనే ఆగిపోతుంది.

ఈ వేలం పాడటానికి మనిషి కూర్చోనక్కర్లేకుండా అక్కాతమ్ముళ్ళు అప్పట్లో ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకి, మిగతా ఆఫీసులవాళ్ళు భోజనాలకి లేచే వేళకి, అది నిద్రలేస్తుంది. గంటకి నలభై మూడు రూపాయలతో పాట మొదలుపెడుతుంది. నలభై మూడే ఎందుకంటే చిన్నప్పుడు వాళ్ళిద్దరూ బడికి ఎక్కిన బస్సు నంబరు అది. మిషన్లు చేజారితే అంకె కాస్త పెంచి మళ్ళీ అడుగుతుంది, దక్కేదాకా.

ఇన్నాళ్ళూ నలభై మూడు దాటాల్సిన అవసరమే రాలేదు. వాన ఎపిసోడు మొదలయ్యాకే మొదలైంది తంతు.

పన్నెండున్నరకి చూస్తే ధర నేలమీద ఉంటుంది. ఒంటిగంటకి వీళ్ళ ప్రోగ్రాం లేవగానే అదీ లేస్తుంది. యాభై, అరవై, డెబ్బై. మిషన్లు వచ్చినట్టే వచ్చి పోతాయి. వీళ్ళది పెంచుతుంది, ధర ఇంకా పెరుగుతుంది. రోజూ ఇదే.

"కాకతాళీయం అక్కయ్యా" అన్నాడు గుండు మొదటి వారం. "కాకి వాలింది, తాటిపండు పడింది."

"కాకి రోజూ సరిగ్గా ఒంటిగంటకే వాలుతుందా?" అంది అక్కయ్య.

లేని జుట్టు నిమురుకోవడం గుండుకి అలవాటు, అదే చేశాడు.

ఆవిడకి అనుమానం పుట్టించింది మాత్రం ఫోను. ధర బాగా పెరిగిన రోజు సాయంత్రం క్లౌడ్ కంపెనీ సేల్స్ ఆయన ఫోన్ చేశాడు. పట్టు పంచె జారినంత మెత్తటి గొంతు.

"మేడమ్, ఈ వేలాలూ ఎగుడుదిగుళ్ళూ మీకెందుకు చెప్పండి? ఏడాదికి ఒప్పందం రాసేసుకుంటే ఒకటే ధర, హాయిగా ఉంటుంది."

"మాకు ఇవాళ ధర పెరిగిందని మీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా మేడమ్? మా దగ్గర అన్నీ కనపడతాయి కదా."

ఆయన మామూలుగానే అన్నాడు. ఆవిడకి మాత్రం ఆ మాట గొంతులో ముల్లులా దిగింది. అన్నీ కనపడతాయా? అంటే మేమెప్పుడు మొదలుపెడతామో, ఎంతదాకా పెడతామో, ఎక్కడ చేతులెత్తేస్తామో అన్నీనా?

ఆవిడ భర్త బళ్ళో లెక్కల మాస్టారు. కూరగాయలు తరుగుతూ కథంతా విని నవ్వాడు. "మిషన్లు వాళ్ళవి, వేలం వాళ్ళది, గంట కొట్టేది వాళ్ళే. ధర ఎంత తేలిందో చెప్పేదీ వాళ్ళే. పేకముక్కలు పంచేవాడే ఆట కూడా ఆడుతుంటే గెలుపెవరిదో చెప్పడానికి లెక్కల మాస్టారు కావాలా?"

ఆయన సరదాకన్నాడు. ఆవిడకి అది నిజమే అనిపించింది.

పొద్దున్నే వచ్చి గుండుతో అంది, "ఇవాళ ఒంటిగంటకి వద్దు. పదకొండుకే మొదలుపెట్టండి. ఎవరికీ చెప్పకండి."

పదకొండుకి మొదలుపెట్టారు. మిషన్లు అడిగినన్ని వచ్చాయి, అదీ చవగ్గా. అక్కయ్య మొహం విచ్చుకుంది. వాన కురుస్తోంది, కప్ప గొడుగు తిప్పుతోంది. ఒంటిగంట అయ్యేసరికి ధర ఒక్క గెంతు గెంతింది. రెండు నిమిషాల నోటీసులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. సగం మిషన్లు ఎగిరిపోయాయి.

ఇంకొకరైతే అక్కడ ఆగి, ఒంటిగంటకి మొదలుపెట్టేవాళ్ళు మనం కాక ఇంకెవరో ఉన్నారని అనుకునేవారేమో. అనుమానం పట్టిన బుర్రకి దారి ఒకటే కనపడుతుంది. కనిపెట్టడానికి వాళ్ళకి రెండు గంటలు పట్టింది అనుకుంది అక్కయ్య. లేకపోతే ఎవరో చెప్పారు. చెప్పడానికి, తను కాక ఈ సంగతి తెలిసినవాడు ఇంకొక్కడే.

ఆ ఆలోచన వచ్చినందుకు తనని తనే తిట్టుకుంది. ఏడేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. స్టూడియోలో కరెంటు తీగ ఎక్కడ వేడెక్కినా ముందు ఆయన ముక్కుకే తెలుస్తుంది. తిట్టుకుంది గానీ, మర్నాటి నుంచి ఆయన కుర్చీ వెనకగా నడిచేటప్పుడు ఆవిడ కళ్ళు ఆయన తెర మీదకే పోయేవి. ఆయన ఫోన్ పట్టుకుని వరండాలోకెళితే ఎంతసేపయిందో మనసు లెక్కపెట్టేది. గుండు ఒకసారి వెనక్కి తిరిగి "ఏమైనా కావాలా అక్కయ్యా?" అన్నాడు. "ఏం లేదు" అంది ఆవిడ, మరీ తొందరగా.

బుధవారం మధ్యాహ్నం కిటికీ తెర జరుపుతూ చూసింది. ఎదురుగా టీకొట్టులో, మూలబల్ల దగ్గర, గుండు కూర్చుని ఉన్నాడు. ఆయనకి ఎదురుగా సేల్స్ ఆయన. ఇద్దరి మధ్యా రెండు గ్లాసులు. సేల్స్ ఆయన ఏదో అంటూ చేతులు జోడించాడు. గుండు తలూపాడు.

పైకొచ్చాక చెబుతాడేమో అని ఎదురుచూసింది. గుండు వచ్చాడు, కూర్చున్నాడు, పని చేసుకున్నాడు. ఒక్క ముక్క చెప్పలేదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక ఆవిడకి సాక్ష్యం అక్కర్లేకపోయింది.

గురువారం పొద్దున్న అందరికన్నా ముందొచ్చి పాస్‌వర్డ్ మార్చేసింది.

గుండు తొమ్మిదింటికి వచ్చి, చల్లటి గదిలో వేసుకునే స్వెట్టరు తొడుక్కుని కూర్చున్నాడు. రెండుసార్లు టైపు చేశాడు. మూడోసారి ఒక్కో అక్షరం చూసుకుంటూ చేశాడు.

"పాస్‌వర్డ్ తీసుకోవడం లేదక్కయ్యా."

"మార్చాను."

"సరే. కొత్తదేంటి?"

బొమ్మలు గీసే అమ్మాయిలిద్దరూ చెవుల్లో పెట్టుకున్న పాటలు తీసేశారు.

"నిన్న టీకొట్టులో ఎవరితో కూర్చున్నారు?" అంది అక్కయ్య.

గుండు కుర్చీ తిప్పి ఆవిడకేసి చూశాడు. అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక ఆయన మొహంలో కోపం కనపడుతుందనుకుంది ఆవిడ. కనపడలేదు.

"అడిగుంటే చెప్పేవాణ్ణి" అన్నాడు. "అడక్కుండా తాళం మార్చారు. ఇప్పుడు నేనేం చెప్పినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంటుంది."

"ఏం లేకపోతే చెప్పడానికి భయమెందుకు?"

"భయం కాదక్కయ్యా." స్వెట్టరు విప్పి మడత పెట్టాడు. తన కప్పు కడిగి సంచిలో పెట్టుకున్నాడు. అమ్మాయిలతో "వస్తానమ్మా" అన్నాడు. మెట్లు దిగుతున్న చప్పుడు కిందదాకా వినపడింది.

టీవీవాళ్ళకి ఎపిసోడు ఇవ్వాల్సింది సోమవారం. ఆవిడ గుండు కుర్చీలో కూర్చుంది గానీ, ఈ పని చేసి రెండేళ్ళయింది. ఆయన ఎక్కడెక్కడో మార్పులు చేసి ఉన్నాడు. ఒక చోట సరిచేస్తే ఇంకో చోట ఆగిపోతోంది. పన్నెండున్నరకి విసుగొచ్చి అంతా ఆపేసింది. పోనీ, ఇవాళ మనం పాటలోనే లేము. ఒంటిగంటకి ధర కదలకపోతే చాలు, వాళ్ళు మనల్ని చూసే పెంచుతున్నారని రుజువైపోతుంది. తెర మీది ధర గీతని ఫోటో తీసి ఆ సేల్స్ ఆయన మొహాన కొట్టవచ్చు. అలా అనుకుని ధర చూపించే పేజీ తెరుచుకుని కూర్చుంది.

ఒంటిగంటకి గీత లేచింది.

మనం లేకుండానే! కళ్ళార్పకుండా చూసింది. గీత యాభైకీ పోలేదు, అరవైకీ పోలేదు. నలభై మూడు దగ్గర ఆగింది. ఆగి, స్కేలు పెట్టి గీసినట్టు అలాగే ఉండిపోయింది.

ప్రపంచంలో ఎవరైనా నలభై రాస్తారు, నలభై అయిదు రాస్తారు. నలభై మూడు ఎవడు రాస్తాడు?

ఆ బస్సులో కిటికీ పక్క సీటు కోసం కొట్టుకున్నవాడు రాస్తాడు.

అక్కయ్యకి ఒక్కసారిగా అంతా తెలిసింది. వెళ్ళేటప్పుడు తమ్ముడు ఆ ప్రోగ్రాం తనతో పట్టుకెళ్ళాడు. పట్టుకెళ్ళకేం, సగం వాడు రాసిందే. వీళ్ళది ఓడితే అంకె పెంచుతుంది. దాంతో వాడిది ఓడుతుంది. వాడిదీ పెంచుతుంది, ఎందుకంటే అదీ ఇదే. ఒకే గదిలో పుట్టిన రెండు ప్రోగ్రాములు రోజూ మధ్యాహ్నం జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నాయి. ఇవాళ ఎదురు లేదు కాబట్టి వాడిది మొదటి అంకె దగ్గరే నిలబడింది.

తెలిసిందని అనుమానం పోయిందా అంటే, లేదు. కొత్తది పుట్టింది. వాడికి ఇదంతా తెలుసా? తెలిసే చేస్తున్నాడా?

తమ్ముడి ఆఫీసు అద్దాల దుకాణం మీద మేడ మీద ఉంది. రెండేళ్ళలో ఆవిడ అక్కడికి రావడం ఇదే మొదలు. కింద ఇద్దరు మనుషులు పెద్ద అద్దాన్ని పట్టుకుని పక్కపక్కకి నడుస్తున్నారు. వాళ్ళు దాటేదాకా ఆగాల్సి వచ్చింది. ఆగినందుకు, అద్దంలో తన మొహం ఎంత కోపంగా ఉందో ఆవిడకే కనపడింది.

తమ్ముడు బిల్డర్లకి, వాళ్ళు కట్టబోయే భవనాల బొమ్మలు తీసిపెడతాడు. అక్కాతమ్ముళ్ళ పోట్లాట అక్కడే మొదలైంది. డబ్బొచ్చే పని అదని వాడన్నాడు, పిల్లల బొమ్మలు వదిలేది లేదని ఈవిడంది.

ఆవిణ్ణి చూసి వాడు లేవలేదు.

"వీడింకా ఎన్నాళ్ళు నిలబడతాడో చూసి వెళ్దామని వచ్చావా అక్కయ్యా?" అన్నాడు.

"ఏంట్రా ఆ మాట?"

"ఏంటా? నేను మొదలుపెట్టిన ప్రతిసారీ మీద పడి ధర పైకి తోస్తున్నావు. ఈ నెలలోనే కదా నేను ఈ కంపెనీకి మారింది. మారానో లేదో మొదలెట్టావు. నేను ఎనభై అంటే నువ్వు తొంభై. నన్ను ముంచాలనుకుంటే మొహం మీదే చెప్పొచ్చుగా."

అక్కయ్య దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ వాడే అనేశాడు.

"నేనని నీకెలా తెలుసు?"

"ఒంటిగంట, అదే రకం మిషన్లు, ఓడితే పెంచే ఆ లెక్క. నేను గుర్తుపట్టలేనా?"

"గుర్తుపడితే ఫోన్ చెయ్యొచ్చుగా!"

"ఎందుకు చెయ్యాలి? చేసింది నువ్వు."

"నేను చెయ్యలేదురా. నాకిప్పుడే తెలిసింది. రోజూ ఎవరో నన్ను చూసి పెంచుతున్నారని, పిచ్చిదాన్నై, ఇవాళ గుండుగారిని..."

తమ్ముడు అప్పుడు లేచాడు. కుర్చీ జరిపాడు. "గుండుని ఏం చేశావు?"

చెప్పింది. వాడు విని తల పట్టుకున్నాడు. "ఆయన్నా? మనిద్దరం కొట్టుకుంటే ఆయన్ని బయటికి పంపావా?"

ఆవిడ కళ్ళు వాడి బల్ల మీదున్న కాగితం మీద పడ్డాయి. క్లౌడ్ కంపెనీ ఏడాది ఒప్పందం. సంతకం ఇంకా పెట్టలేదు.

"నీ దగ్గరికి కూడా వచ్చాడా?" అంది.

"రోజూ ఫోనే. హాయిగా ఉంటుందట."

"పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని" అంది అక్కయ్య. అక్కడే ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, మాకు మేమే పోటీ అని ఎందుకు చెప్పలేదని అడిగింది. సేల్స్ ఆయన గొంతు ఏమీ తడబడలేదు. "మీరిద్దరూ అక్కాతమ్ముళ్ళని నాకెలా తెలుస్తుంది మేడమ్? ఒకవేళ తెలిసినా, ఒక ఖాతాదారు సంగతి ఇంకొకరికి చెబితే నా ఉద్యోగం ఉంటుందా? నిన్న మీ గుండుగారు కూడా అదే అడిగారు, ఒంటిగంటకి మాకు పోటీ ఎవరని. చెప్పలేనని చేతులు జోడించాను."

ఫోన్ పెట్టేశాక అక్కాతమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన నిజమే చెప్పాడో, తెలిసే ఇద్దరికీ ఒప్పందాలు పట్టుకొచ్చాడో వాళ్ళకి తేలలేదు. ఎప్పటికీ తేలలేదు కూడా.

పంపకం మాత్రం అయింది. పొద్దుట పూట వాడిది, మధ్యాహ్నం ఆవిడది. "నా వేళలో నువ్వు రావని నమ్మకమేంటి?" అన్నాడు తమ్ముడు. "నా వేళలో నువ్వు రావని నాకేంటి?" అంది అక్కయ్య. అయినా వాడు ఒప్పందం కాగితాన్ని నిలువునా చింపాడు. చింపినందుకు ఆవిడ సంతోషించింది, ఆ వెంటనే, ఇంకో కాపీ ఉందేమో అనుకుంది.

అక్కణ్ణుంచి నేరుగా గుండు ఇంటికెళ్ళింది. ఆయన భార్య తలుపు తీసి "రండి" అంది గానీ పక్కకి జరగడానికి ఆలస్యం చేసింది. గుండు పెరట్లో కారుతున్న కుళాయి విప్పదీసి కూర్చున్నాడు. ఆవిడ నిలబడే అంతా చెప్పింది. టీకొట్టు సంగతి తెలిసిందని, తప్పు తనదేనని చెప్పింది. దాచలేదు, మెత్తబరచలేదు.

"ఆ సంగతి నిన్ననే ఎందుకు చెప్పలేదు?" అని చివర్లో అడక్కుండా ఉండలేకపోయింది.

"తేలితే చెబుదామనుకున్నాను. తేలలేదు" అన్నాడు గుండు. రబ్బరు వాషరు తిప్పి చూస్తూ ఇంకో మాటన్నాడు. "నేను మళ్ళీ వచ్చి కూర్చుంటే, రేపు ఏది చెడినా ముందు నా వైపే చూస్తారు. చూడరా?"

చూడనని అనాలని నోటిదాకా వచ్చింది. "చూస్తానేమో" అంది.

గుండు మొదటిసారి ఆవిడ కళ్ళలోకి చూశాడు. "లేదని అనుంటే రాకపోదును. వాన పూర్తయ్యేదాకా వస్తాను. ఆ తర్వాత నా దారి నాది."

మాట మీదే ఉన్నాడు. సోమవారం ఎపిసోడు వెళ్ళింది, టీవీవాళ్ళు మెచ్చుకున్నారు. నెలాఖరుకి, అమ్మాయిల్లో పెద్దమ్మాయికి పనంతా నేర్పి, గుండు వేరే చోట చేరాడు. వీడ్కోలు రోజు అందరూ నవ్వారు, ఆయన కూడా. అక్కయ్య ఇంటికెళ్ళి ఏడ్చింది. లెక్కల మాస్టారు పక్కన కూర్చున్నాడు గానీ ఈసారి ఏమీ చమత్కరించలేదు.

కొన్నాళ్ళు ధర బుద్ధిగా ఉంది. ఒక మధ్యాహ్నం, ఆవిడ వేళలో, గీత మళ్ళీ లేచింది. యాభై దాటింది. అక్కయ్య చెయ్యి ఫోన్ మీదకి వెళ్ళి ఆగింది. ఆగి, మళ్ళీ వెళ్ళింది.

"నువ్వేనా?" అంది, ఇంకే మాటా లేకుండా.

"నేను కాదక్కయ్యా. నావన్నీ పన్నెండుకే ఆపేశాను" అన్నాడు తమ్ముడు. "మొన్న పొద్దున్న నాకూ ఇలాగే అయింది. నువ్వేనేమో అనుకున్నాను."

"నేను కాదురా. మరి అడగలేదేం?"

"అడుగుదామని ఫోన్ తీశాను."

కీబోర్డు చప్పుడు వినపడింది. వాడూ ధర పేజీ తెరిచాడు.

"యాభై ఎనిమిది" అన్నాడు.

"నాకూ అంతే చూపిస్తోంది."

"అయితే ఇంకెవడో ఉన్నాడు."

"ఉండు, పెట్టెయ్యకు" అంది అక్కయ్య. ఇద్దరూ ఫోన్లు చెవికి ఆనించుకుని, ఆ గీత ఎక్కడ ఆగుతుందో చూస్తూ కూర్చున్నారు.